జోలికి పోరాని కుండీలు

సుభాషిణి తన వరండాలో ఉన్న కుండీల గురించి నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు. ఆమె అత్తగారు వరహాలమ్మ గారి అభిప్రాయంలో, సుభాషిణి నోరు మూసుకుని ఉంటే చాలా కథలు లేవు.

పాలగెడ్డ జలవిద్యుత్ ప్రాజెక్టు కాలనీ కొండల మధ్య గిన్నెలో వడ్డించినట్టు ఉంటుంది. పైనుంచి దిగిన చలికి ఆ గిన్నెలోంచి బయటికి పోయే దారి దొరకదు. మార్గశిరం వచ్చేసరికి తెల్లారగట్ల గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు పేరుకుంటుంది. వాకిట్లో మరిచిపోయిన చెంబులో నీళ్ళమీద అప్పడమంత పలకగా గడ్డకడుతుంది. కాలనీలో ఉండేవాళ్ళంతా కోస్తా నుంచి ఉద్యోగాలకి వచ్చినవాళ్ళు. భీమవరంలోనూ తణుకులోనూ పెరిగిన ఒళ్ళు. దసరా వెళ్ళగానే మంకీ క్యాపుల్లోకి దూరి ఉగాదికి బయటికి వస్తారు. మనుషుల సంగతే ఇలా ఉంటే కుండీల్లో మొక్కల సంగతి చెప్పక్కర్లేదు. గులాబీలూ మందారాలూ క్రోటన్లూ ఏటా డిసెంబరులో నల్లబడి చచ్చిపోయేవి. ఏటా జూన్‌లో ప్రాజెక్టు మళ్ళీ కొనేది. ఎవరికీ అభ్యంతరం లేకుండా ఇది ఒక పంటలాగా సాగుతూ ఉండేది.

సుభాషిణి వరండాలోవి మాత్రం చావలేదు. అవి కలబందకీ రణపాలకీ దూరపు చుట్టాలు. బొద్దు ఆకులు రెక్కల్లా దగ్గరగా ముడుచుకుని, విచ్చిన గులాబీని తెచ్చి మట్టిమీద కూర్చోబెట్టినట్టు ఉంటాయి. ఉత్తరాది కొండలకి యాత్ర వెళ్ళినప్పుడు అక్కడ ఎవరో ఇల్లాలు తన రాతిగోడ మీంచి గిల్లి ఇచ్చిన పిలక ఒక్కటే ఇంత సంతానమైంది. కోడి చుట్టూ పిల్లల్లా తల్లిమొక్క చుట్టూ పిలకలు పుడతాయి. అసలు పేరు పలకడానికి నోరు తిరగక కాలనీ ఆడవాళ్ళు వాటిని బొద్దాకులు అన్నారు. అదే స్థిరపడింది.

మొదటి చలికాలం సుభాషిణి వాటిని బాలింతరాలిలా చూసుకుంది. సాయంత్రం ఇంట్లోకి తేవడం, పొద్దున్న బయట పెట్టడం, గోరువెచ్చటి నీళ్ళు పోయడం, భర్త పాత మఫ్లరు చుట్టడం. సగం కుళ్ళిపోయాయి. మిగతా సగం వెలుతురు కోసం మెడలు సాచి పొట్లకాయల్లా తయారయ్యాయి. అప్పుడామె ఫోనులో ఒక విదేశీ ముసలావిడ వీడియో చూసింది. ఆవిడ మోకాలిలోతు మంచు పక్కకి తోసి, అడుగునుంచి ఇవే మొక్కల్ని నవనవలాడుతూ బయటికి తీసింది. వీటిని చంపేది చలి కాదుట, తడిట. కుండీ అడుగున చిల్లు ఉండాలి. మట్టిలో ఇసుకా ఇటుకముక్కలూ ఎక్కువుండాలి. వాన పడకుండా చూరు కింద, గాలీ ఎండా తగిలేచోట, ఇటుకల మీద ఎత్తిపెట్టాలి. ఆ తరవాత చలి పోయేదాకా నీళ్ళు పోయకూడదు, కప్పకూడదు, కదపకూడదు. ఆకులు ముడుచుకుని ఎర్రబడి, చచ్చినట్టే కనిపిస్తాయి. చావవు. పడుకుంటాయి.

సుభాషిణికి ఏదైనా నమ్మకం కుదిరితే సగంలో ఆగదు. మట్టికుండీలు మంచుకి బీటలిస్తున్నాయని, అత్తగారి రాచ్చిప్పకి అడుగున డ్రిల్లింగు మిషనుతో చిల్లు పెట్టించి, పెద్ద తల్లిమొక్కని పిలకలతో సహా అందులో నాటింది. ఆ రాచ్చిప్పలో మూడు తరాలు పులుసు కాచుకున్నారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళ గురించి విన్నాను గానీ తిన్న గిన్నెకి కన్నం వేసేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను అని వరహాలమ్మ గారు చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పారు. అయితే ఆ రెండో చలికాలం రాచ్చిప్పలో మొక్క ఒక్క ఆకు రాల్చలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో సుభాషిణి చెప్పినట్టు జరిగిన మొదటి పని అది. ఆ మొక్కంటే ఆమెకి అంత ఇష్టం ఉండడం అందుకే.

మరుసటి కార్తీకంలో వనభోజనాలప్పుడు పెద్దింజనీరు భుజంగరావు గారు పక్క బంతిలో కూర్చున్నారు. ఫిబ్రవరిలో డైరెక్టరు గారు తనిఖీకి వస్తారనీ, అప్పటికి కాలనీలో పచ్చగా ఒక్క కుండీ మిగలదనీ ఆయన ఎవరితోనో వాపోతున్నారు. సుభాషిణికి ఎవరైనా అడిగితే చెప్పడం ఇష్టం. అడక్కపోతే చెప్పడం ఇంకా ఇష్టం. ఆమె భర్త వామనమూర్తి ఆయన కిందే ఇంజనీరు. వద్దన్నట్టు విస్తరి మీంచి తల అడ్డంగా ఆడించాడు. పులిహోరలో మిరపకాయ తగిలిందనుకుని ఆమె మంచినీళ్ళ గ్లాసు అటు జరిపి, తన వరండా కథంతా చెప్పేసింది.

"రహస్యమేం లేదండీ," అంది చివర్న. "ఏమీ చెయ్యకూడదు. మనం చేతులు ముడుచుకుని కూర్చోగలిగితే అవి బతుకుతాయి."

భుజంగరావు గారు చెయ్యి విస్తట్లో ఆపి ఆలోచించారు. ఖర్చెంత అని అడిగారు. ఏమీ లేదంది. మనుషులెంతమంది కావాలన్నారు. అక్కర్లేదంది. ఆయన ముఖంలో దిగులు కనిపించింది.

"ఖర్చూ లేక, సిబ్బందీ లేక, దాన్ని అమలు చెయ్యడం ఎలా అమ్మా?"

ఆ మాట దగ్గరే సుభాషిణికి తెలియాల్సింది. తెలియలేదు. పెద్దింజనీరు గారు తనని సలహా అడుగుతున్నారని గర్వపడింది.

వారం తిరక్కుండా సర్క్యులరు వచ్చింది. ఇందుమూలముగా సమస్త విభాగములకు తెలియజేయునది ఏమనగా, వామనమూర్తి గారి క్వార్టరు వరండాయందు గల బొద్దాకు కుండీలను నమూనా శీతాకాల కుండీలుగా గుర్తించడమైనది. సదరు కుండీల యెడల శివరాత్రి వరకు ఎట్టి చర్యయు తీసుకొనరాదు. సదరు చర్య తీసుకొనకపోవుటను పటిష్ఠముగా అమలు పరచవలెను. ఇందుకు కన్వీనరుగా శ్రీమతి సుభాషిణి గారిని నియమించడమైనది. క్వార్టరు ప్రాజెక్టుది కాబట్టి వరండా ప్రాజెక్టుది. వరండాలో ఉన్నవి కాబట్టి కుండీలూ ప్రాజెక్టువే అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. సుభాషిణి ఆ చిన్న అక్షరాలు చదవలేదు. కన్వీనరు అన్నచోట ఆగిపోయి, కాగితం పట్టుకుని పక్కింటికి వెళ్ళింది.

మర్నాడే ఎస్టేటు ఆఫీసరు సత్యప్రసాదు ఒక పెయింటరుని వెంటబెట్టుకుని వచ్చాడు. ప్రతి కుండీని ఎత్తి, ఇటు తిప్పి, తెల్లరంగుతో నంబరు వేయించి, మళ్ళీ దించాడు. రాచ్చిప్ప ఒకటో నంబరు అయింది. "ఈ ఇంటికి ఆ మొక్కకన్నా ముందొచ్చింది నేను," అన్నారు వరహాలమ్మ గారు, "నాకెప్పుడు వేస్తారో నంబరు." కుండీల్ని కదపకూడదని సుభాషిణి మొత్తుకుంటే, అది కదపడం కాదని, కదపకూడని కుండీలేవో గుర్తుపట్టడానికి చేసే ఏర్పాటని సత్యప్రసాదు ఓర్పుగా నచ్చజెప్పాడు. కన్వీనరు కాబట్టి ఆమె అందరికీ కాఫీ ఇచ్చింది.

తరవాతి చిక్కు కూడా అతనే కనిపెట్టాడు.

"ఏమీ చెయ్యడం లేదని ఎలా తెలుస్తుంది మేడం గారూ? చేస్తే కనబడుతుంది. చెయ్యకపోతే ఏం కనబడుతుంది? కనబడనిదాన్ని నేను పైకి ఏమని రాయను?"

అందుకని వరండాలో స్టూలు వేసి ఒక మనిషిని కూర్చోబెట్టారు. అతని పని కుండీల జోలికి ఎవరూ పోకుండా చూడడం. అతను సరిగ్గా చూస్తున్నాడో లేదో చూడడానికి ఒక సూపర్వైజరు వచ్చేవాడు. వచ్చాడనడానికి గుర్తుండాలి గనక మట్టిలోకి వేలు దింపి, తడి లేదని నిర్ధారించుకుని వెళ్ళేవాడు. ఊరికే కూర్చున్న మనిషికి జీతమేమిటని ఆడిటు వాళ్ళు అభ్యంతరం పెట్టారు. దాంతో స్టూలు మీది మనిషికి వరండా శుభ్రత కూడా అప్పగించారు. అతను మర్యాదస్థుడు, పని దొంగ కాదు. రోజూ పొద్దున్నే గొట్టం పెట్టి వరండా అంతా కడిగేవాడు. ఆ నీళ్ళు ఇటుకల చుట్టూ చేరి, మర్నాటికి గాజుపలకలా గడ్డకట్టేవి. వరహాలమ్మ గారు వాటిమీద జారకుండా చేతికర్ర కొనిపించుకున్నారు.

పుష్యం వచ్చేసరికి ఆకులు ముడుచుకుని ఎర్రబడ్డాయి. అలాగే కావాలని సుభాషిణి చెబుతూనే ఉంది. కానీ చచ్చినట్టు కనబడే వస్తువు బతికే ఉందని చెప్పడానికి కన్వీనరు మాట చాలదుట, అర్హత గల అధికారి సంతకం కావాలిట. కాలనీలో బతుకూ చావూ రాసే అర్హత ఆస్పత్రి డాక్టరు గారిది. ఆయన పాపం స్టెతస్కోపు మెడలో వేసుకునే వచ్చి, కుండీకో ఆకు గిల్లి, విరిచి చూసి, జిగురు కనబడింది కాబట్టి సజీవమే అని రాసి ఇచ్చారు. ఆ సర్టిఫికెట్టు వారం పాటు చెల్లుతుందిట. వారం వారం ఆకులు గిల్లారు. వచ్చిన ప్రతివాళ్ళకీ సుభాషిణి కాఫీ ఇచ్చింది. ఇంట్లో పెరుగు తోడుపెట్టడానికి పాలు మిగలడం మానేశాయి.

ఇంతమంది వేళ్ళు పెడుతుంటే ఎవరి వేలూ తగలకూడదన్న ఆశయం దెబ్బతింటోందని చివరికి పెద్దింజనీరు గారికే తోచింది. కుండీలన్నిటి మీదా మందపాటి ప్లాస్టిక్కు షీటు బిగించి, నాలుగువైపులా సీలు వేయించారు. వేలు పెట్టడానికి మాత్రం సూపర్వైజరుకి ఒక కన్నం వదిలారు.

సుభాషిణి ఆ రోజు మొదటిసారి భయపడింది. రోజంతా ఎండకి షీటు లోపల ఆవిరి కట్టేది. చలికి అది నీరై బొట్లుబొట్లుగా ఆకుల మధ్యకి కారేది. నాలుగు రోజులకి ఏడో నంబరు కుండీలో మొక్క మగ్గిన సపోటాలా మెత్తబడి నల్లగా కారిపోయింది. సత్యప్రసాదు షీటు మీంచి వంగి చూసి, అది నిద్రలో ఉందని రాసుకున్నాడు. నిద్రపోయేది అలా కంపు కొట్టదని సుభాషిణి అంటే, అయితే గాఢనిద్ర అని దిద్దుకున్నాడు. ఆ తరవాత మూడో నంబరు పోయింది. ఆ వెనకే ఐదూ.

రాచ్చిప్పలో తల్లిమొక్క ఇంకా గట్టిగానే ఉంది. కానీ అంచున ఉన్న రెండు పిలకలు గాజులా పారదర్శకంగా మారడం షీటు లోంచి కనబడుతోంది. సుభాషిణి మంచి చీర కట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది.

భుజంగరావు గారు ఆదరంగా కూర్చోబెట్టారు. ఈ పథకం గురించి పై ఆఫీసులో కూడా అనుకుంటున్నారని చెప్పారు. ఆమె షీటు తీయించమని అడిగింది.

"తీయించడం చర్య అవుతుంది కదమ్మా," అన్నారాయన. "శివరాత్రిదాకా ఏ చర్యా కుదరదు. ఆ రూలు మీరు పెట్టిందే."

"మరి వెయ్యడం చర్య కాదాండీ?"

"అది చర్య తీసుకోకుండా ఉండడానికి ముందస్తుగా తీసుకున్న జాగ్రత్త."

మొక్కలు కుళ్ళిపోతున్నాయండీ, ఇంకో వారం ఆగితే ఒక్కటీ మిగలదు అంది సుభాషిణి. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నిజంగానే బాధపడ్డారు. డైరెక్టరు గారు వచ్చినప్పుడు మొక్కలు లేకపోతే కన్వీనరు సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుందనీ, అది తనకే మాత్రం ఇష్టం లేదనీ అన్నారు.

"మొక్కలు చచ్చిపోతుంటే మీరేం చేశారని అడుగుతారు. ఏం చెప్తారు?"

"ఏమీ చెయ్యలేదని చెప్తాను."

"ఆ మాటే రాసి సంతకం పెట్టి ఇవ్వండి. మీరు సేఫు, నేనూ సేఫు."

ఇంటికొచ్చి సుభాషిణి వంటింట్లో పీటమీద కూలబడింది. వామనమూర్తి తలుపు దగ్గర నిలబడి, వనభోజనాలప్పుడే తను సైగ చేశాననబోయి, ఆమె ముఖం చూసి విరమించుకున్నాడు. షీటు చింపేస్తే ఏమవుతుందని ఆమె అడిగింది. ప్రాజెక్టు ఆస్తికి నష్టం అన్నాడు. రాచ్చిప్ప ఇంట్లోకి పట్టుకొచ్చేస్తేనో అంది. ప్రాజెక్టు ఆస్తి దొంగతనం అన్నాడు. నా మొక్కని నేను దొంగిలించడమేమిటని ఆమె ఏడ్చింది. ఎవరూ చెయ్యమనకపోయినా లోకానికి పాఠం చెప్పబోయిన తన నోటిని తనే తిట్టుకుంది. ఆ పని చెయ్యడంలో ఆమెకి ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది.

వరహాలమ్మ గారు బీరకాయ చెక్కుతూ అంతా విన్నారు.

"స్నానాలగది తలుపు ఊడిపోయిందని అర్జీ పెట్టి ఎన్నాళ్ళైందిరా వామనా?" అన్నారు.

ఈ గొడవలో తలుపేమిటమ్మా అన్నాడు కొడుకు.

"అది కాదురా. బాగుచెయ్యండి బాబూ, అని అడిగినదాని వంక ఒక్కడు రాలేదు. వేలు పెట్టలేదు. కప్పలేదు, కడగలేదు. దుప్పటి కట్టుకుని స్నానాలు చేస్తున్నాం. ఏమీ చెయ్యద్దన్న పాపానికి ఆ కుండీలమీద ఊరంతా పడింది. మీ ఆఫీసుకి చెయ్యకుండా ఉండడం చేతకాదని ఎవరన్నారు? అడిగే తీరు మీకు తెలీలేదు."

సుభాషిణి ఏడుపు ఆపి అత్తగారి వంక చూసింది. పెళ్ళయి వచ్చాక ఆవిడ మాట పూర్తిగా ఒప్పుకోవడం ఆమెకి అదే మొదలు. ఒప్పుకున్నానని పైకి మాత్రం అనలేదు.

అర్జీ ముగ్గురూ కూర్చుని రాశారు. భాష వామనమూర్తిది, కోరికలు అత్తాకోడళ్ళవి. నమూనా కుండీలు తీవ్రమైన చలికి గురియగుచున్నందున యుద్ధప్రాతిపదికన రక్షణ చర్యలు చేపట్టవలసినదిగా కోరడమైనది. మొక్కలకి గోనెసంచుల తొడుగులు కావాలి. రాత్రింబవళ్ళు కుంపట్లు కావాలి. రోజుకి రెండు పూటలా నీళ్ళు, పదిహేను రోజులకోసారి మందు కావాలి. ఈ పని ఒక్క విభాగం వల్ల అయ్యేది కాదు గనక సివిలు, విద్యుత్తు, స్టోర్సు, ఆస్పత్రి విభాగాలు ఉమ్మడిగా కదలాలి. తగు సత్వర చర్య నిమిత్తం అని వామనమూర్తి కింద ఎర్రసిరాతో గీత గీశాడు. ఆ గీత ఉన్న ఫైలు ఏదీ తన సర్వీసులో కదలగా చూడలేదన్నాడు. పోనీ ఒక జబ్బు పేరు కూడా రాద్దామని సుభాషిణి ఉత్సాహపడింది. భర్త వద్దన్నాడు. ఈసారి ఆమె విన్నది.

ఫలితం వాళ్ళు ఊహించినదానికన్నా బాగుంది. చర్య కోరుతూ అర్జీ వచ్చింది కాబట్టి చర్య వద్దన్న సర్క్యులరు ఆ క్షణం నుంచి పరిశీలనలో పడింది. చర్య తీసుకోకపోవడం అన్న పద్దు కింద వచ్చిన స్టూలు మనిషి వెనక్కి వెళ్ళాడు. అతను లేడు కాబట్టి అతన్ని చూసే సూపర్వైజరూ రాలేదు. పాత పద్దు సామాను కొత్త పద్దులో కలిసిపోతే లెక్క తేలదని స్టోర్సు వాళ్ళు అదే రోజు వచ్చి, సీళ్ళు విప్పి, ప్లాస్టిక్కు షీటు మడతపెట్టి తీసుకుపోయారు. సర్టిఫికెట్టు ఏ విభాగం అడగాలో తేలేదాకా రానని డాక్టరు గారు కబురు చేశారు. గోనెసంచులు ఎవరు కొనాలన్నదానిమీద నాలుగు విభాగాలూ ఒకదానికొకటి ఉత్తరాలు రాసుకోవడం మొదలెట్టాయి.

వరండా నిశ్శబ్దమైపోయింది. ఎండ వచ్చింది, గాలి వీచింది, మంచు కురిసింది. ఎవరూ రాలేదు.

ఇక ఆ మొక్కలకి మిగిలిన ప్రమాదం ఒక్క సుభాషిణే. పొద్దున్నే శాలువా కప్పుకుని వెళ్ళి రాచ్చిప్ప ముందు గొంతుక్కూచునేది. పిలక గట్టిపడిందో లేదో ఒక్కసారి నొక్కి చూస్తే ఏం పోతుందనిపించేది. చెయ్యి సాచేది. వెనక్కి తీసుకునేది. తనలో ఒక సత్యప్రసాదూ ఒక డాక్టరూ ఒక పెద్దింజనీరూ కాపురముంటున్నారని ఆ చలికాలమే ఆమెకి తెలిసింది. ఒకరోజు వేలు ఆకుకి ఇంకా అంగుళం దూరంలో ఉండగా కిటికీలోంచి అత్తగారి గొంతు వినిపించింది.

"సుభాషిణీ, నువ్వు కూడా ఒక అర్జీ పెట్టుకోవే."

శివరాత్రి వెళ్ళాక ఆకుల్లో ఎరుపు తగ్గి పచ్చదనం తిరిగింది. మూడు కుండీలు పోయినవి పోగా, మిగతావి లేచి కూర్చున్నాయి. రాచ్చిప్ప అంచున గాజులా మారిన పిలకలు రెండూ ఎండి రాలిపోయాయి, వాటి పక్కనే కొత్తవి మొటిమల్లా పుట్టుకొచ్చాయి. డైరెక్టరు గారు వచ్చి, కారు దిగకుండానే బాగుందన్నారు. నాలుగు విభాగాల సమన్వయంతో తీసుకున్న సత్వర చర్యల వల్ల మొక్కలు దక్కాయని భుజంగరావు గారు పైకి రాశారు. కన్వీనరుకి అభినందన పత్రం వచ్చింది. సుభాషిణి ఈసారి చిన్న అక్షరాలతో సహా చదివి, పక్కింటికి వెళ్ళకుండా, బీరువాలో పెట్టింది.

వైశాఖంలో, రోహిణీ కార్తె ఇంకా రాకుండానే కొండలు సైతం కాగుతున్న ఒక మధ్యాహ్నం, వాకిట్లో ట్రాక్టరు ఆగింది. ఇద్దరు మనుషులు చెమటలు కక్కుతూ గోనెసంచుల కట్ట, బొగ్గుల బస్తా, రెండు కుంపట్లు దించారు. చేతిలో ఆర్డరు ఉంది. కుండీలకు తీవ్రమైన చలి నుండి తక్షణ రక్షణ కల్పించవలెను.

"చలి ఏ మొక్కలకమ్మా?" అని అడిగాడు వాళ్ళలో పెద్దవాడు, తలపాగాతో మెడ తుడుచుకుంటూ.

చలి లేదయ్యా, ఎండాకాలం కదా, అనబోయింది సుభాషిణి. నోటిదాకా వచ్చిన మాటని ఆపుకుంది. చలి లేదని చెబితే, చలి ఎందుకు లేదో తేల్చడానికి మనుషులొస్తారు. కుండీలు ఎత్తుతారు. వేళ్ళు పెడతారు. ఆమె లోపలికి వెళ్ళి మజ్జిగ గ్లాసులూ కలమూ పట్టుకొచ్చింది. వాళ్ళు మజ్జిగ తాగుతుంటే ఆర్డరు కాగితాన్ని గోడకి ఆనించి, కింద శుభ్రమైన అక్షరాలతో రాసింది: రక్షణ సామగ్రి ముట్టినది. ప్రస్తుతము మొక్కలకు చలి లేదు. పనివారి సేవలు సంతృప్తికరము. కన్వీనరు అని సంతకం పెట్టింది. మళ్ళీ చదువుకుంటే అందులో ఒక్క అబద్ధం కూడా కనబడలేదు. అందుకే ఆమెకి కొంచెం భయం వేసింది.

ట్రాక్టరు మలుపు తిరిగాక వరహాలమ్మ గారు బయటికి వచ్చి గోనెసంచులు తడిమి చూశారు. కొత్తవి, గట్టిగా ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే వాకిట్లో పరిచి, పైన పాత పంచె వేసి, గుమ్మడి వడియాలు పెట్టేశారు.